పక్క పడవ

మా విశాఖ వాళ్లకి సముద్రం అంటే బీచ్ రోడ్డులో కాల్చిన మొక్కజొన్న పొత్తు, పిల్లల ఇసుక గూళ్లు, తుఫాను హెచ్చరిక వస్తే గుండెల్లో గుబులు. దానిమీద నెలల తరబడి సాగే పందేలు ఉంటాయని నాకు 2018 దాకా తెలియదు. ఆ ఏడాది అక్టోబరులో ఐఎన్ఎస్ సాత్పురా అనే యుద్ధనౌక మన రేవుకి వచ్చింది. అందులో వెన్నెముక దెబ్బతిన్న ఒక నావికుణ్ణి తీసుకొచ్చారు. ఆయనే కమాండర్ అభిలాష్ టామీ.

ఆయన పాల్గొన్నది గోల్డెన్ గ్లోబ్ రేస్. ఫ్రాన్స్‌లో బయలుదేరి, ఎక్కడా ఆగకుండా, పడవలో ఒక్కరే భూమి చుట్టూ తిరిగి మళ్లీ అక్కడికే చేరాలి. 1968లో జరిగిన మొదటి పందెం గుర్తుగా పెట్టింది కాబట్టి జీపీఎస్ చూసుకుని నడపకూడదు. సూర్యుణ్ణీ నక్షత్రాలనీ కొలుచుకుంటూ దారి పట్టుకోవాలి. 2018 జూలై 1న బయలుదేరారు. సెప్టెంబరు 21న దక్షిణ హిందూ మహాసముద్రంలో తుఫాను వచ్చి అభిలాష్ గారి పడవ తిరగబడి లేచింది. తెరచాప కొయ్య విరిగింది, ఆయన నడుముకి పెద్ద దెబ్బ తగిలింది. లేవలేకపోతున్నానని కబురు మాత్రం పంపగలిగారు. ఆస్ట్రేలియాలోని పెర్త్ అక్కడికి మూడు వేల కిలోమీటర్లకు పైనే.

ఆ కబురు విని బయలుదేరిన వాళ్లలో ఒకాయన అదే పందెంలో ఉన్న ఐర్లండ్ నావికుడు గ్రెగర్ మెగకిన్. అదే తుఫానులో ఆయన పడవ కొయ్యలూ విరిగిపోయాయి. అయినా ఉన్న వాటితో ఏదో ఒక చిన్న తెరచాప కట్టుకుని అభిలాష్ గారి వైపు సాగాడు. చివరికి 24వ తేదీన ముందుగా చేరింది ఫ్రాన్స్ వాళ్ల మత్స్య గస్తీ నౌక ఓసిరిస్. ఆ తర్వాత గ్రెగర్‌నీ అదే ఎక్కించుకుంది.

అప్పట్లో పేపరులో ఇదంతా చదివి, "అయ్యో పాపం, ఎంత మంచివాడో" అనుకుని వంటింట్లోకి వెళ్లిపోయాను. ఆ వార్త నా ఒంటికి అర్థమైంది నాలుగేళ్ల తర్వాత.

2022 శ్రావణ మాసం, శుక్రవారం పొద్దున్న. మావారు ఏ-షిఫ్టుకి వెళ్లిపోయారు. అబ్బాయి హైదరాబాద్‌లో చదువుకుంటున్నాడు. ఉతికిన బట్టల బకెట్టు ఎత్తబోయాను. నడుములో కలుక్కుమంది. అంతే, పెరటి గుమ్మం దగ్గర కూలబడ్డాను. కుడి కాలు ఉందో లేదో తెలియలేదు. ఫోను హాల్లో ఉంది, వీధి తలుపు గడియ వేసి ఉంది. మంచినీళ్ల బిందె కంటికి కనిపిస్తోంది గానీ చేతికి అందదు. దాహం అంటే ఏమిటో ఆ గంటన్నరలో తెలిసింది.

పనమ్మాయి వచ్చి తలుపు కొట్టి, నా కేక విని, పక్క వీధిలోని మా తోడికోడలి దగ్గరికి పరిగెత్తింది.

తోడికోడళ్ల సంగతి మీకు నేను చెప్పాలా? మాకు గొడవల్లేవు. కానీ ఇరవై ఏళ్లుగా ఒక పందెం మాత్రం నడుస్తూనే ఉంది. ఎవరి ఆవకాయ ఏడాది దాకా నిలిచింది, ఎవరి పిల్లాడికి మంచి ర్యాంకు వచ్చింది, అత్తగారు ఎవరింట్లో ఎక్కువ రోజులున్నారు. పైకి ఎవరమూ అనం. లెక్క మాత్రం ఇద్దరికీ తెలుసు.

ఆ రోజు ఆవిడ ఇంట్లో వరలక్ష్మీ వ్రతం. ముప్పై మందిని పేరంటానికి పిలుచుకుంది. అలాంటిది, తడిజుట్టుతో, కాళ్ల పసుపైనా ఆరకుండా, పెరటి గోడ పక్కనుంచి వచ్చేసింది. నేను లేవబోతే, "కదలకు. అలాగే ఉండు. నడుము దెబ్బకి కదపకూడదు" అని గట్టిగా అంది. 108కి ఫోను చేయించింది. నా తల పక్కన చతికిలబడి చెంచాతో నీళ్లు నోట్లో పోసింది. "అక్కయ్యా, మీ పూజ" అన్నాను. "అమ్మవారు ఎక్కడికీ పోదులే" అంది. ఆస్పత్రిలో చీకటి పడేదాకా నాతోనే ఉంది. వాళ్లింట్లో తాంబూలాలు వాళ్లమ్మాయే ఇచ్చిందట.

డిస్కు జారి నరాన్ని నొక్కుతోందన్నారు. ఆపరేషన్ తప్పింది గానీ వారాల తరబడి మంచం, ఆ తర్వాత ఫిజియోథెరపీ. సరిగ్గా అప్పుడే, సెప్టెంబరు 4న, ఆ పందెం మళ్లీ మొదలైంది. పాల్గొన్న వాళ్లలో అభిలాష్ గారి పేరు చూసి మంచంమీద ఉలిక్కిపడ్డాను. వెన్నులో టైటానియం కడ్డీలు వేయించుకున్న మనిషి! ఇక రోజూ ఫోనులో ఆ కబుర్లే చూసేదాన్ని.

నవంబరు 18న ఫిన్లాండ్ నావికుడు టాపియో లెహ్తినెన్ పడవ హిందూ మహాసముద్రంలో మునిగిపోయింది. ఆయన గాలి తెప్పలో మిగిలాడు. కబురు అందగానే పందెంలో ఉన్న దక్షిణాఫ్రికా నావికురాలు కిర్‌స్టెన్ నాయ్‌షాఫర్ రాత్రంతా పడవ నడిపి మర్నాడు ఆయన్ని చేరుకుంది. తన పడవలోకి ఎక్కించుకుని, ఒక సరుకుల ఓడకి అప్పగించి, మళ్లీ తన దారి పట్టింది. 2023 ఏప్రిల్ 27న, 235 రోజుల ప్రయాణం తర్వాత మొదటి స్థానం ఆవిడదే. ఈ పందెం గెలిచిన మొదటి మహిళ. రెండు రోజుల తర్వాత రెండో స్థానంలో అభిలాష్ గారు వచ్చారు. ఆ రోజు మా ఇంట్లో పాయసం చేశాను.

ఈ కథలన్నిటిలో నాకు అర్థమైంది ఒకటే. నడిసముద్రంలో మనకి దగ్గరగా ఉండేది మనతో పోటీ పడేవాళ్లే. ఒకే దారిలో, ఒకే గాలికి వెళ్తున్నారు కాబట్టే దగ్గరలో ఉంటారు. ఇళ్లలోనూ అంతే కదూ. అమెరికాలో ఉన్న చెల్లెలికి నామీద ఎంత ప్రేమ ఉన్నా నోట్లో చెంచాడు నీళ్లు పోయలేదు. తోడికోడలు పోయగలదు.

తెరచాప పందేల నియమాల్లో మొదటిదే, ఆపదలో ఉన్నవారికి చేతనైన సాయమంతా చేయాలని. అలా ఆగినవాళ్లకి పోయిన సమయాన్ని తిరిగి లెక్కగట్టి ఇస్తారు కూడా. కిర్‌స్టెన్‌కీ ఇచ్చారు. మన ఇళ్లలో అలా లెక్కగట్టే పెద్దమనిషి ఎవరూ ఉండరు. ఆవిడ వదులుకున్న పేరంటాన్ని ఎవరు తిరిగిస్తారు?

అందుకని మరుసటి శ్రావణంలో, డాక్టరు వంగొద్దన్నారు కాబట్టి ఎత్తు స్టూలు ఒకటి పట్టుకుని, తెల్లవారకముందే వాళ్లింటికి వెళ్లాను. ఆవిడ పూజలో కూర్చుంటే వంటిల్లు నేను చూసుకున్నాను. రెండు వందల పూర్ణాలు వేశాను. పేరంటాళ్లందరూ వెళ్లాక ఆవిడ తీరిగ్గా ఒకటి నోట్లో వేసుకుని, "బాగున్నాయి గానీ, బెల్లం కాస్త ఎక్కువైంది" అంది.

పందెం ఇంకా నడుస్తోందన్నమాట. మా ఇంటి రెండో తాళంచెవి మాత్రం ఇప్పుడు ఆవిడ బీరువాలో ఉంటోంది.