ఆమె ఏం చేస్తుంది?

అనంతపురంలో ఇంగ్లీషు నేర్పడం కొత్త సంగతేమీ కాదు. స్పానిష్ మాతృభాషగా ఉన్న ఆడవాళ్లకి ఇక్కడ కూర్చుని సింపుల్ ప్రెజెంట్ టెన్స్ చెప్పడం మాత్రం కాస్త వింతే. దానికో చరిత్ర ఉంది. 1920లో బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1952లో జెస్యూట్‌గా మన దేశానికి వచ్చాడు. మహారాష్ట్రలో పేద రైతులతో పనిచేసి, 1968లో దేశం విడిచి వెళ్లాల్సి వచ్చి, 1969లో తిరిగొచ్చి అనంతపురంలో నిలిచిపోయాడు. ఆయనా, అన్నే ఫెర్రరూ నిర్మించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు వల్ల స్పెయిన్‌కీ ఈ కరువు నేలకీ మధ్య రాకపోకలు మొదలయ్యాయి. ఆయన 2009లో చనిపోయాక కూడా అవి ఆగలేదు. తాము చదివించే పిల్లల్ని చూసుకోడానికి వచ్చేవాళ్లు, నర్సులు, టీచర్లు, విద్యార్థులు. మన పల్లెల ఆడపిల్లలు కొందరు స్పానిష్ నేర్చుకుని వాళ్లకి దుబాసీలయ్యారు. మిగతా అందరికీ నడిమి భాష ఇంగ్లీషే. ఇద్దరికీ పరాయి భాష.

అలా వచ్చిన కొందరు ఆడవాళ్లకి కొన్ని నెలలు ఇంగ్లీషు చెప్పాను. సాహిత్యంలో డాక్టరేటు చేసినదాన్ని. వ్యాకరణం అంటే సూత్రాల పట్టిక అనుకునే కాలం నాకు ఎప్పుడో దాటిపోయింది. అయినా ఈ ఒక్క కాలం గురించి ఇంత ఆలోచించాల్సి వస్తుందని అనుకోలేదు.

స్పానిష్‌లో పనిచేయడం అనే క్రియ మనిషిని బట్టి మారుతుంది. ట్రబాహో అంటే నేను, ట్రబాహాస్ అంటే నువ్వు, ట్రబాహా అంటే ఆమె లేదా అతను. క్రియ చివరే మనిషి ఉంటుంది కాబట్టి కర్తను వేరే చెప్పక్కర్లేదు. తెలుగూ అంతే కదా. ‘చేస్తాను’ అంటే నేనే, ‘చేస్తావు’ అంటే నువ్వే. ఇంగ్లీషులో ఈ తోకలన్నీ ఊడిపోయి ఒక్క ఎస్ మిగిలింది. ఐ వర్క్, యూ వర్క్, దే వర్క్, షీ వర్క్స్. స్పానిష్ వాళ్లు సరిగ్గా ఈ ఎస్ దగ్గరే ఆగిపోతారు. షీ వర్క్ అంటారు. ప్రతి రూపమూ మారే భాష నుంచి వచ్చినవాళ్లకి, ఒకే ఒక్కటి మారడం గుర్తుండదు. కర్తను కూడా వదిలేస్తారు. స్పానిష్‌లో ‘యువే’ అంటే చాలు, వాన పడుతోందని అర్థం. అందుకే ఈజ్ రెయినింగ్ అనేస్తారు. ఇంగ్లీషుకి మాత్రం ఏ పనీ చేయని ఒక ఇట్ ముందర కూర్చోవాలి.

వాళ్లకి ఇంకో చిక్కు ఉంది. ‘ట్రబాహో’ అంటే రోజూ పనిచేస్తాను అనీ కావచ్చు, ఇప్పుడు చేస్తున్నాను అనీ కావచ్చు. ఇంగ్లీషు ఈ రెండింటినీ విడదీస్తుంది. అలవాటుకి ఒకటి, జరుగుతున్నదానికి ఇంకొకటి. మన చిక్కు వేరు. ‘చేస్తాను’లో అలవాటూ ఉంది, రేపటి మాటా ఉంది. 1858 నాటి బాలవ్యాకరణంలో చిన్నయసూరి తద్ధర్మార్థకం అని ఒక రూపాన్ని వేరుగా చెప్పాడు. అంటే ఆ పని చేసే స్వభావం కలిగి ఉండడం. నేటి వాడుకలో ఆ స్వభావమూ భవిష్యత్తూ ఒకే క్రియలో కలిసిపోయాయి. మృగశిర కార్తె వచ్చినప్పుడు ‘వాన పడతాది’ అని మావైపు ఆడవాళ్లు అంటారు. ఏటా పడుతుందనా, ఈసారి పడుతుందనా? పాఠ్యపుస్తకంలో ఇట్ రెయిన్స్ ఇన్ జులై అని ఉంటుంది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లే సాధారణ వర్షపాతమైన చోట, అదీ శెనక్కాయ విత్తే అదను దాటాక పడితే ఎవరికీ అక్కరకు రాని చోట, ఈ వాక్యాన్ని నిత్యసత్యంగా చెప్పడానికి నోరు రాదు. మన క్రియే నయం, ఆశకి కాస్త చోటు ఉంచింది.

ఇదంతా వ్యాకరణ వినోదంగా మిగిలిపోయేదే, పల్లెల్లోకి వెళ్లకపోతే. ఒక ఇంట్లో తల్లిని అతిథి అడిగింది, ఏం పని చేస్తావని. ‘కూలికి పోతా’ అంది ఆమె. పక్కనున్న అమ్మాయి దాన్ని షీ విల్ గో ఫర్ కూలీ వర్క్ అని ఇంగ్లీషులో పెట్టింది. తెలుగు లెక్కలో అది తప్పు కాదు. కానీ విన్నామెకి, ఈ తల్లి రేపటినుంచి పనికి వెళ్లబోతోందని అర్థమైంది. ఇరవై ఏళ్ల కూలి బతుకు ఒక విల్‌తో రేపటి సంకల్పంగా మారిపోయింది.

మరో ఇంట్లో జవాబు ఇంకా చిన్నది. ‘నేనేం చేస్తాను మా, ఇంట్లో ఊరకుంటా.’ అనువాదం: షీ డజ్‌నాట్ వర్క్. ఇక్కడ ఎస్ తప్పిపోలేదు, డజ్‌లో భద్రంగా ఉంది. వ్యాకరణం నూటికి నూరు మార్కులు. ఆ మాట అంటున్నంతసేపూ ఆమె చేతులు విత్తనాలకని శెనక్కాయలు వలుస్తూనే ఉన్నాయి.

ఈ సంగతి తరగతిలో చర్చకి వచ్చినప్పుడు స్పానిష్ టీచరు ఒకామె తన తల్లి గుర్తింపు కార్డు గురించి చెప్పింది. ఫ్రాంకో నియంతృత్వ కాలంలో ఇంటి ఆడవాళ్ల కార్డు మీద వృత్తి అన్న చోట ‘సుస్ లబోరెస్’ అని రాసేవారు. ఆమె పనులు అని అర్థం. ఏ పనులో రాయరు. పని ఉందని ఒప్పుకుంటూనే దాన్ని వృత్తుల లెక్కలోంచి తీసేసే తెలివి అది. మన దగ్గర ఆ తెలివి సంఖ్యల్లో ఉంది. జాతీయ నమూనా సర్వేల్లో ఇంటిపని మాత్రమే చేసే మనిషికి 92. ఇంటిపనితో పాటు కట్టెలూ పశువుల మేతా ఏరి తెచ్చేవాళ్లకి, ఇంటివాళ్ల బట్టలు కుట్టేవాళ్లకి 93. రెండు సంఖ్యలూ శ్రామికశక్తికి బయటే. గమనించండి, ఆ సర్వేలు మనిషి స్థితిని రెండు రకాలుగా అడుగుతాయి. గడిచిన ఏడాదిలో మామూలుగా ఏం చేశారు, గడిచిన వారంలో ఏం చేశారు. మొదటి ప్రశ్న అచ్చంగా సింపుల్ ప్రెజెంట్. అలవాటుగా చేసేదేమిటి అని. ఇంటిపని అంత అలవాటైన పని ఇంకోటి ఏముంది? అయినా ఆ అలవాటే దాన్ని లెక్కకి రాకుండా చేస్తోంది. 2019లో దేశమంతటా జరిగిన తొలి సమయ వినియోగ సర్వేలో, జీతంలేని ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకి సగటున 299 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారని తేలింది. ఆ పని చేసే మగవాళ్లవి 97. దాదాపు ఐదు గంటల పనిని షీ డజ్‌నాట్ వర్క్ అనే వాక్యం మింగేస్తోంది.

ఇంగ్లీషునీ స్పానిష్‌నీ మాత్రమే అని ఊరుకుంటే అన్యాయం. ‘మామ పనిచేస్తాడు’ అంటాం. ‘ఆయమ్మ పనిచేస్తాది’ అంటాం. ఎద్దూ పనిచేస్తాది, బోరు మోటరూ పనిచేస్తాది. ఏకవచనంలో మన క్రియ మగవాడిని ఒక పక్కన నిలబెట్టి, ఆడదాన్ని పశువుతోనూ వస్తువుతోనూ కలిపేస్తుంది. మహత్తు, అమహత్తు అని దానికి శాస్త్రీయమైన పేర్లు కూడా ఉన్నాయి. ఈ సంగతి చెబితే స్పానిష్ ఆడవాళ్లు ఆశ్చర్యపోయారు. వాళ్ల భాషలో బల్లకీ కుర్చీకీ లింగం ఉంది గానీ, ట్రబాహాలో ఆడా మగా తేడా లేదు. ఇంగ్లీషు ఎస్ కూడా హీకీ షీకీ ఇట్‌కీ ఒక్కటే. దీన్నిబట్టి ఆ సమాజాల్లో సమానత్వం ఉందనుకోనక్కర్లేదు, సుస్ లబోరెస్ చూశాం కదా. క్రియలో సమానత్వం ఉన్నంత మాత్రాన పనిలో ఉండదు. కానీ మన క్రియలో ఉన్న వివక్ష మనకి వినపడకపోవడం మాత్రం ఆలోచించాల్సిన విషయం.

మూడో పురుష అంటే ఆ మాటల్లో పాల్గొనని మనిషి. ఇంటి గడపలో ఎదురుగా కూర్చున్న తల్లి, రెండు భాషలు దాటేసరికి ఆ మూడో మనిషి అయిపోతుంది. ఆమె గురించి ఆమె వినగా, ఆమెకి తెలియని భాషలో, ఒక వాక్యం స్థిరపడుతుంది. అది ఫైలులోకీ ఉత్తరంలోకీ వెళ్తుంది. అందుకే ఆ ఒక్క వాక్యం సరిగ్గా ఉండడం నాకు ముఖ్యం అనిపించింది.

ఆ తర్వాత స్పానిష్ వాళ్లకీ, దుబాసీలు కాబోయే మన అమ్మాయిలకీ ఒకే అభ్యాసం ఇచ్చాను. డూ యూ వర్క్ అని ఎవరినీ అడగకూడదు. ఎన్ని గంటలకి లేస్తావు, లేచి ఏం చేస్తావు, తర్వాత ఏం చేస్తావు అని పడుకునేదాకా అడగాలి. ప్రతి పనీ ఒక వాక్యం కావాలి, ప్రతి వాక్యంలో ఎస్ ఉండాలి. ఒక అమ్మాయి వాళ్ల అమ్మను అడిగి రాసుకొచ్చింది. నాలుగున్నరకి లేస్తుంది, కసువు ఊడుస్తుంది, పేడ ఎత్తుతుంది, నీళ్లు పడుతుంది, ముద్ద చేస్తుంది, కూలికి పోతుంది, వస్తూ మేత తెస్తుంది... పేజీ నిండి వెనక్కి తిప్పాల్సి వచ్చింది. ఇరవై మూడు క్రియలు. రెండు చోట్ల ఎస్ మర్చిపోయింది, దిద్దాను. కింద ఖాళీ స్థలంలో తనే ఇంకో వాక్యం చేర్చింది, పని చేయదని అమ్మే చెప్పిందని. మై మదర్ సేస్ షీ డజ్‌నాట్ వర్క్. అందులో దిద్దడానికి నాకేమీ దొరకలేదు.