ఇంటర్వెల్‌లో వెనక్కి తిరిగిన విమానం

సినిమాలో విమాన ప్రయాణం ఎంతసేపండీ? హీరో చెయ్యి ఊపుతాడు, మబ్బుల మీద ఒక షాటు, కట్ చేస్తే స్విట్జర్లాండ్‌లో పాట! నాకు మాత్రం ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి హైదరాబాదు చేరడానికి రెండున్నర రోజులు పట్టింది.

నేనేదో పెద్దవాణ్ణనుకునేరు, వట్టి అసిస్టెంట్ డైరెక్టర్ని. తరవాతి సినిమాలో పాట కోసం రైన్ నది ఒడ్డున లోరెలై కొండా, ఆ చుట్టుపక్కల పాత కోటలూ ఫోటోలు తీసుకు రమ్మని పంపారు. బడ్జెట్ తక్కువ కాబట్టి ఒక్కణ్ణే పంపారు లెండి. బుధవారం రాత్రి తొమ్మిదికి ఢిల్లీ విమానం, అక్కణ్ణించి హైదరాబాదు. శుక్రవారం మా సినిమా రిలీజు. నాలుగేళ్లు క్లాప్ కొట్టాక నా పేరు మొదటిసారి తెర మీద పడబోయే సినిమా! ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో మార్నింగ్ షోకి మా గ్యాంగు టిక్కెట్లు కొని పెట్టారు.

పక్క సీట్లో ఖమ్మం పెద్దావిడ. డాలస్‌లో కూతురి దగ్గర ఆర్నెల్లుండి వస్తోంది. ఇంగ్లీషు రాదు. అందుకని కూతురు వీల్‌చెయిర్ బుక్ చేసింది. కాళ్లు భేషుగ్గా ఉన్నాయి, దారే తెలీదు. మన అమ్మలు చాలామంది ఇలాగే వస్తారు. కుర్చీ తోసేవాడే వాళ్లకి దారీ, భాషా!

"శుక్రవారం మా ఆయన సంవత్సరీకం బాబూ. మధ్యాన్నం కల్లా ఇంట్లో ఉండాలి" అంది, నేనేదో ఆ విమానం నడిపేవాణ్ణయినట్టు.

బయలుదేరిన గంటకి భోజనాలు రావాలి. రాలేదు. ఎదుటి తెర మీద మ్యాపులో మా బుల్లి విమానం మెల్లగా పడమటికి తిరిగింది. అందరికంటే ముందు చూసింది నేనే అనుకుంటాను. గుండె గుభేలుమంది. కాసేపటికి కెప్టెన్ గొంతు... ఒక హైడ్రాలిక్ సిస్టమ్‌లో లీకు ఉంది, ఫ్రాంక్‌ఫర్ట్‌కి తిరిగి వెళ్తున్నాం అని.

హైడ్రాలిక్ అంటే ఒత్తిడితో ఉన్న నూనె. చక్రాలు దించాలన్నా, రెక్కల మీది పలకలు కదపాలన్నా ఆ ఒత్తిడే ఆధారం. అందుకే ఒకదానికి తోడు మరొకటి పెడతారు. ఒకటి పోయినా విమానం ఎగురుతుంది, దిగుతుంది. కానీ వెంటనే దిగడానికి వీల్లేదు. నిండు ట్యాంకులతో లేచిన విమానం బరువు, దిగడానికి అనుమతించిన బరువు కంటే ఎక్కువ. కాబట్టి ఇంధనాన్ని గాల్లోనే వదిలేశారు. రెక్క చివర లైటు వెలుగులో తెల్లటి పొగలా కనిపించింది.

"ఏంది బాబూ ఆ పొగ?"

"పెట్రోలు పారబోస్తున్నారు పెద్దమ్మా."

"అయ్యో! ఎంత ఖరీదో!"

నా భయం సగం ఆ మాటతో పోయింది.

పదకొండున్నరకి దిగాం. రన్‌వేకి రెండు వైపులా ఫైరింజన్లు. జనం చప్పట్లు కొట్టారు. అసలు కష్టాలు ఆ తరవాత మొదలయ్యాయి. ఫ్రాంక్‌ఫర్ట్‌లో 2011 నుంచీ రాత్రి పదకొండు మొదలు తెల్లవారుజాము అయిదు దాకా మామూలు విమానాలకి నిషేధం. ఊళ్లో వాళ్ల నిద్ర కోసం! ఇంకో విమానం సిద్ధంగా ఉన్నా లేవదు.

క్యూలో నిలబెట్టి రెండు జట్లు చేశారు. యూరప్ వీసా ఉన్నవాళ్లకి హోటలు బస్సు. లేనివాళ్లకి ట్రాన్సిట్ హాల్లో మడత మంచాలు. నాకు వీసా ఉంది. పెద్దమ్మకి ఉన్నది అమెరికా వీసా ఒక్కటే, దాంతో గుమ్మం దాటనివ్వరు. వీల్‌చెయిర్ కుర్రాడి డ్యూటీ అయిపోయింది. బస్సు దాకా వెళ్లి వెనక్కి చూశాను. ఆవిడ నా వైపే చూస్తోంది. తిరిగొచ్చేశాను.

స్పీల్‌బర్గ్ తీసిన 'ది టెర్మినల్' చూసే ఉంటారు, 2004లో వచ్చింది. దానికి ప్రేరణ ఇరాన్ మనిషి మెహ్రాన్ కరిమి నస్సేరి. కాగితాలు లేక 1988 నుంచి 2006 దాకా పారిస్ విమానాశ్రయంలోనే బతికాడు. 2022లో ఆ విమానాశ్రయంలోనే కన్నుమూశాడు. టామ్ హాంక్స్ తిరిగిన టెర్మినల్ మాత్రం సెట్టు! మాది సెట్టు కాదు. రాత్రంతా ఆరని లైట్లు, ఎక్కడో ఏడ్చే పసిపిల్ల. కూపన్‌కి బ్రెడ్డు ఇచ్చారు. పెద్దమ్మ సంచిలోంచి కారప్పూస తీసింది.

పొద్దున ఆరింటికి కౌంటర్లో నా వంతు వచ్చింది. మధ్యాహ్నం దుబాయ్ మీదుగా వెళ్లే విమానంలో ఒక్కటంటే ఒక్క సీటు. శుక్రవారం పొద్దున్నే హైదరాబాదు. మార్నింగ్ షోకి టైముకి చేరినట్టే!

నేను పుణ్యాత్ముణ్ణేం కాదు. 'నాకే' అన్న మాట నోటి దాకా వచ్చింది. వెనక నిలబడ్డ పెద్దమ్మకి నా మొహం చూడగానే విషయం అర్థమైంది. "నువ్వెళ్లు నాయనా. నీ సినిమా ఉందిగా. తద్దినానికి మా అబ్బాయి ఉన్నాడు" అంది. అలా అనకుండా ఉంటే ఎక్కేసేవాణ్ణేమో!

ఆవిడ పాస్‌పోర్టు తీసుకుని కౌంటర్ మీద పెట్టాను. దుబాయ్‌లో కూడా వీల్‌చెయిర్ ఉండేట్టు రాయించాను. కొడుకు నంబరూ, ఎక్కడికి వెళ్లాలో ఇంగ్లీషులో ఒక కాగితం మీద రాసి చేతికిచ్చాను. పెట్టె తరవాత వస్తుందన్నారు. నాకు శుక్రవారం మధ్యాహ్నం విమానం దొరికింది.

ఒక్క మాట చెప్పాలి, మీలో ఎవరైనా పై చదువులకి వెళ్తే పనికొస్తుంది. యూరప్ దేశాల నుంచి బయలుదేరే విమానం ఏ కంపెనీదైనా సరే, 3,500 కిలోమీటర్లు దాటిన ప్రయాణంలో బాగా ఆలస్యమైతే 600 యూరోలు పరిహారం అడగొచ్చు. యంత్రం పాడైందన్న సాకు మామూలుగా చెల్లదని వాళ్ల పెద్దకోర్టు 2008లోనే చెప్పింది. నాకు మొదట "టెక్నికల్ కారణం" అని రెండు లైన్ల జవాబొచ్చింది. బోర్డింగ్ పాసు జత చేసి మళ్లీ రాశాను. నాలుగు నెలలకి డబ్బొచ్చింది.

శనివారం పొద్దున శంషాబాద్‌లో దిగి ఫోన్ ఆన్ చెయ్యగానే ఖమ్మం నుంచి కాల్. "వంట ఇంకా పొయ్యి మీదుండగానే చేరిన నాయనా. నీ సినిమా ఎట్లుంది?"

ఇంకా చూడలేదన్నాను.

ఆదివారం మ్యాట్నీకి వెళ్లాను. టైటిల్స్‌లో సరిగ్గా నా పేరు పడే వేళకి ముందు వరసలో ఒకాయన పాప్‌కార్న్ పట్టుకుని సీటు వెతుక్కుంటూ లేచి నిలబడ్డాడు. 'డైరెక్షన్ డిపార్ట్‌మెంట్' అన్నంత వరకే కనిపించింది.