మామగారి రివాల్వరు

అడిగావు కాబట్టి చెబుతాను చెల్లెమ్మా. పొయ్యి మీద ఏమన్నా ఉంటే కట్టేసి రా, ఇది రెండు ముక్కల్లో తేలే మాట కాదు.

మీ మామగారి రివాల్వరు బావగారి పేరుకి మారుస్తున్నారన్నమాట. మంచిదే. 2016 ఆయుధ నిబంధనల్లో దానికి దారి ఉంది. లైసెన్సు ఉన్నాయనకి డెబ్బై ఏళ్ళు నిండినా, ఆయుధం చేతికొచ్చి పాతికేళ్ళయినా, ఏది ముందైతే అప్పుడు వారసుడి పేరున దరఖాస్తు పెట్టుకోవచ్చు. మీ మామగారికి రెండూ ఎప్పుడో దాటాయి. కమిషనర్ ఆఫీసు కాగితాల సంగతి బావగారు చూసుకుంటారులే. నువ్వడిగింది వేరు. మీ అబ్బాయి ఆ నల్లదాన్ని అమ్మేసి తెల్లగా మెరిసే స్టీలుది కొందామంటున్నాడు. పెద్దాయన అన్నం ముందు కూర్చుని అలుగుతున్నారు. మధ్యలో నలుగుతున్నది నువ్వు.

నా ఉద్యోగమంతా బాలానగర్ షెడ్లలో ఉక్కుకి నలుపెక్కించే బ్లాకోడైజింగ్ తొట్ల దగ్గరే గడిచింది కదా. తుపాకుల జోలికి ఎప్పుడూ పోలేదు, మావన్నీ డైలు, గేజీలు, బోల్టులు. కానీ మీ మామగారి రివాల్వరు మీద ఉన్న నలుపూ, మేం బోల్టుకి ఎక్కించే నలుపూ ఒక్క జాతివే. తుపాకీవాళ్ళు దాన్ని బ్లూయింగ్ అంటారు. నల్లగా ఉన్నదాన్ని పట్టుకుని నీలమంటారేంటని నువ్వడుగుతావు. బాగా మెరుగుపెట్టిన ముక్కని కిటికీ వెలుతురుకి కాస్త వాల్చి చూడు, ఆ నలుపు లోపల నీలం కదులుతూ కనిపిస్తుంది.

అది రంగు కాదు, పైన పూసింది కాదు. ముక్కకి ముందు జిడ్డంతా వదలగొట్టి, యాసిడ్‌లో ముంచి తీసి, కడిగి తొట్టిలో దించుతాం. తొట్టిలో కాస్టిక్ సోడా, నైట్రేట్ లవణం. మామూలు నీళ్ళు 100 డిగ్రీలకి మరిగితే, అంత లవణం కలిసిన ఆ నీళ్ళు 140 దగ్గర సలసల కాగుతాయి. ఆవిరి పోయేకొద్దీ తొట్టి ఇంకా వేడెక్కుతుంది. అప్పుడు పక్కన నిలబడి కొద్దికొద్దిగా నీళ్ళు వదలాలి. తొందరపడి గుమ్మరిస్తే కాస్టిక్ మొహం మీదకి చిమ్ముతుంది. వదలకుండా ఊరుకుంటే ముక్క నల్లబడేదానికి బదులు ఎర్రగా, ఇటుక పొడి అద్దినట్టు తేలుతుంది. అన్నీ కుదిరితే ఉక్కులో ఉన్న ఇనుమే పైపైన మాగ్నటైట్‌గా మారుతుంది. మందం ఎంతనుకున్నావు, ఒక మైక్రాను అటూ ఇటూ. మీటరులో పదిలక్షో వంతు! తుప్పు కూడా ఇనుమూ ఆక్సిజనూ కలిసి పుట్టేదే. కాకపోతే ఎర్ర తుప్పు పెచ్చులూడి కిందున్న ఉక్కుని తినేస్తూ పోతుంది, ఈ నల్లది ఉక్కుని అంటిపెట్టుకుని ఉంటుంది.

ఇక్కడ అసలు సంగతి చెబుతాను, మీవాడికి కూడా చెప్పు. ఆ నలుపు తనంతట తాను తుప్పుని ఆపలేదు. నూనెని పట్టి ఉంచడం దాని పని. తొట్టిలోంచి తీసి కడిగిన ముక్కని నేరుగా నూనెలో ముంచేది అందుకే. నూనె ఆరిపోయిందంటే నల్ల ఉక్కుకీ మామూలు ఉక్కుకీ పెద్ద తేడా లేదు.

స్టెయిన్‌లెస్ పుట్టుక కూడా తుపాకీ దగ్గరే మొదలైంది తెలుసా? ఇంగ్లండులో షెఫీల్డ్ అనే ఊళ్ళో హ్యారీ బ్రేర్లీ అనే ఆయనకి తుపాకీ గొట్టాల లోపలిభాగం త్వరగా అరిగిపోతోంది, దానికి తట్టుకునే ఉక్కు చూడమని పని అప్పగించారు. ఆయన క్రోమియం కలుపుతూ పోయాడు. 1913లో పోతపోసిన ఒక రకం తుప్పు పట్టకుండా నిలబడింది. గొట్టాల సంగతి అటుంచి ఆ ఉక్కు భోజనాల బల్ల మీద చాకుల్లోకి, మన వంటిళ్ళలోకి వచ్చేసింది. మళ్ళీ రివాల్వరు దాకా చేరేసరికి 1965. స్మిత్ అండ్ వెసన్ కంపెనీ మోడల్ 60 అని మొత్తం స్టెయిన్‌లెస్‌తో రివాల్వరు తెచ్చింది. చొక్కా లోపల, చెమటకి ఆనుకుని ఉండే ఆయుధం కావాలన్న అమెరికా పోలీసులకి అది బాగా నచ్చింది.

దాన్లో కనీసం 10.5 శాతం క్రోమియం ఉండాలి. ఆ క్రోమియం గాలి తగలగానే కంటికి కనపడని పొర కడుతుంది. గీత పడినా మళ్ళీ అదే కట్టుకుంటుంది. నలుపుకి ఆ గుణం లేదు, పోయిన చోట పోయినట్టే.

అలాగని స్టెయిన్‌లెస్‌కి అసలు తుప్పే రాదనుకుంటే పొరపాటు. అమీర్‌పేటలో కొన్న నీ స్టీలు గిన్నెకి ఫ్రిజ్ మీద బొమ్మ అయస్కాంతం పెట్టి చూడు, మంచి రకమైతే అంటుకోదు. అందులో నికెల్ ఉంటుంది. రివాల్వర్ల సిలిండరు, బ్యారెల్ చేసే స్టెయిన్‌లెస్‌కి అయస్కాంతం గట్టిగా అంటుకుంటుంది. వేడి చేసి గట్టిపరచడానికి వీలుండాలని వేరే రకం వాడతారు, దాన్లో నికెల్ ఉండదు, ఉన్నా నామమాత్రం. ఉప్పుకి అది నీ గిన్నెకన్నా త్వరగా లొంగుతుంది. చెమట అంటే ఉప్పునీళ్ళే కదా. నెలల తరబడి తుడవకపోతే సన్నటి గుంటలు పడతాయి, నల్లటి చుక్కల్లా. నల్ల ఉక్కు మీదైతే మొదటిరోజే ఎర్రటి మచ్చ కనపడి హెచ్చరిస్తుంది. తెల్లదాని మీద ఆ చుక్క కంటికి ఆనేసరికి లోపలికి దిగి ఉంటుంది.

మీ మామగారు దాన్ని ఎక్కడ పెడతారు? తోలు ఒరలో పెట్టి, ఆ ఒరతో సహా బీరువాలోనా? అదుగో, మొట్టమొదట మార్చాల్సింది అది. తోలు తేమని పీలుస్తుంది, తోలు పదును పెట్టిన లవణాలు అందులోనే ఉంటాయి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మన పంజాగుట్టలో గోడలే చెమ్మగిల్లుతుంటే బీరువాలో తోలు పొడిగా ఉంటుందా? ఒర వేరు, రివాల్వరు వేరు, తూటాలు ఇంకో తాళం కింద. పక్కన సిలికా జెల్ పొట్లం ఒకటి. కొబ్బరినూనె మాత్రం వద్దని చెప్పు. పాతకాలంవాళ్ళకి ఆ అలవాటుంది. చలికాలం సీసాలో గడ్డకట్టినట్టే లోపలి స్ప్రింగుల మీదా గడ్డకడుతుంది, తర్వాత జిగురైపోతుంది. సన్నటి గన్ ఆయిల్, మెత్తటి నూలుగుడ్డ చాలు. అది కూడా లైసెన్సు ఎవరి పేరున ఉంటే వాళ్ళే తుడవాలి, నువ్వు ముట్టుకోకు.

అమ్మే మాటకొద్దాం. 1980ల మధ్యలో విదేశీ తుపాకుల దిగుమతి మామూలు జనానికి ఆపేశారు. అప్పటికే దేశంలో ఉన్నవే చేతులు మారుతున్నాయి. మీ మామగారి వెబ్లీ లాంటి పాత విదేశీ రివాల్వర్లు మళ్ళీ కొందామంటే అంత సులువుగా దొరకవు. కొత్తది కావాలంటే ఎక్కువగా కాన్పూరు కర్మాగారం చేసినవే, .32 బోరు. 2014లో ఆడవాళ్ళ కోసమని నిర్భీక్ అనే తేలికది తెచ్చారు, టైటానియం మిశ్రమంతో, అరకేజీ బరువు, ధర అప్పట్లోనే 1,22,360 రూపాయలు. 2023లో ప్రబల్ అని ఇంకోటి వచ్చింది. మీవాడికి కావలసిన తెల్ల మెరుపు కోసం పెద్దాయన ప్రాణంలా చూసుకున్నదాన్ని వదులుకోమని నేను చెప్పను. నా మనసులో మాట అది.

ఇంకొక ఆలోచన కూడా మొలకెత్తుతుంది చూడు, ఇప్పుడే తుంచెయ్యి. గొట్టం చివర, సిలిండరు అంచుల దగ్గర ఒరలో రాసుకుని నలుపు పోయి తెల్లగా తేలింది కదా, మళ్ళీ కొత్తగా నలుపెక్కిద్దామంటారు. బాలానగర్ ఎంత దగ్గరున్నా, నాకు ఎంతమంది తెలిసినా, అక్కడికి మాత్రం తీసుకెళ్ళకూడదు. ఆయుధం రిపేరుకి కూడా లైసెన్సు ఉన్న దుకాణమే కావాలి, 1959 ఆయుధ చట్టం మాట అది. పైగా నలుపెక్కించే ముందు మెరుగుపెడతారు. చెయ్యి కాస్త బరువుగా పడితే నంబరు చెరిగిపోతుంది, అది చెరపడం నేరం. అక్షరాల అంచులు గుండ్రమై పాత ముద్ర అందమంతా పోతుంది. ఆ తెల్లబడిన చోట్లు పెద్దాయన చేతి గుర్తులు. నూనె రాసి అలాగే ఉంచమను.

బావగారి సంగతి కూడా ఆలోచించాలి. వారంలో సగం బెంగుళూరులోనే ఉంటారు. ఆయన కొత్తగా కొనేదే అయితే నేనే స్టెయిన్‌లెస్ అనేవాణ్ణి, తుడవడానికి తీరిక లేని చేతికి అదే నయం. ఇది తండ్రి దగ్గర్నించి వస్తున్నది, నెలకొక ఆదివారం పావుగంట దీనికి ఇవ్వమని నువ్వే చెప్పు. నీ మాట వింటారు.

ఆ, ఎన్నికల సంగతి మరిచాను, అప్పుడు లైసెన్సు ఆయుధాలు పోలీస్ స్టేషన్లో పెట్టమంటుంటారు. 2023లో అక్టోబరు 9న షెడ్యూలు వచ్చింది, ఫలితాలు డిసెంబరు 3న. మళ్ళీ 2024లో మార్చి 16 నుంచి జూన్ 4 దాకా. స్టేషన్లో డిపాజిట్ చెయ్యమంటే అన్నాళ్ళూ దాన్ని తుడిచే చెయ్యి ఉండదు. ఇచ్చేముందు రోజు మామూలుకన్నా కాస్త ఎక్కువ నూనె రాసి, ఒర లేకుండా, నూనెగుడ్డలో చుట్టి ఇవ్వమను. రసీదు జాగ్రత్త. తిరిగొచ్చిన రోజే పైన, గొట్టం లోపల, సిలిండరు గదుల్లో చూసుకోవాలి. చెక్క పిడి కిందే చెమ్మ దాక్కుంటుంది, ఆ పిడి మాత్రం లైసెన్సున్న గన్‌స్మిత్ చేతే విప్పించమను.

మీవాడితో స్టెయిన్‌లెస్ చెడ్డదని నేనన్నానని మాత్రం అనకు. రేపు వాడి పేరున లైసెన్సు వచ్చి, వాడి డబ్బుతో కొనుక్కునే రోజున నా దగ్గరకి రమ్మను. వాడి చేతులకి ఎంత చెమట పడుతుందో నాకు తెలుసు, క్యారమ్స్ ఆడేటప్పుడు స్ట్రైకరు జారిపోతుంది. వాడికి తెల్లదే చెబుతాను.