లండన్ ఖాతాలో మా రాజ్యం

షెఫీల్డ్‌లో నేను పనిచేసే చోట మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర ఒక పంజాబీ, జమైకా మూలాలున్న ఒకాయన, ఐర్లండ్ నుంచి వచ్చిన ఒకామె కలుస్తుంటారు. బ్రిటిష్ సామ్రాజ్యం సంగతి వచ్చిందంటే ముగ్గురికీ వేలెత్తి చూపడానికి ఎవరో ఒకరున్నారు. పంజాబీకి జలియన్‌వాలాబాగ్ డయ్యర్. జమైకా ఆయనకు చెరకు తోటల యజమానులు. ఐరిష్ ఆమెకు, జనం ఆకలితో చస్తుంటే ధాన్యాన్ని ఓడలకెక్కించినవాళ్లు. నా వంతు వచ్చేసరికి చూపడానికి మనిషి దొరకడు. మాది హుస్నాబాద్. ఇప్పుడు సిద్దిపేట జిల్లా అంటున్నారు గానీ మా నోటికి అలవాటైంది కరీంనగర్ జిల్లానే. మా తాతల కాలంలో శిస్తు నిజాంకు పోయేది, చేతుల్లో మారేది హాలీ సిక్కా, పోస్టు బిళ్ల మీద ఉర్దూ అక్షరాలు. జిల్లా అధికారిని తాలూక్‌దార్ అనేవాళ్లు, ఆయన తెల్లవాడు కాదు.

"తెల్లోడు మన దిక్కు ఎన్నడు రాలే బిడ్డా. మనల గోస పెట్టింది దొరలు, నిజాం పోలీసులు" అంటాడు మా మేనమామ ఫోన్లో. ఆయన చెప్పేది ఉన్నమాటే. వెట్టి చేయించుకున్నది దేశ్‌ముఖ్‌లే. అనభేరి ప్రభాకరరావు నిజాంతో పోరాడుతూ 1948 మార్చి 14న హుస్నాబాద్ దగ్గర మహమ్మదాపూర్ గుట్టల్లో ప్రాణమిచ్చేనాటికి బ్రిటిష్‌వాళ్లు ఓడెక్కి ఏడు నెలలైంది. అయితే తెల్లోడు మా దిక్కు రావాల్సిన అవసరం ఎందుకు పడలేదన్నది, షెఫీల్డ్‌లో కాపురం పెట్టాకే నాకు ఆసక్తి కలిగించిన ప్రశ్న. యంత్రాల కాలం నాటి సామ్రాజ్యానికి ప్రతిచోటా కలెక్టరు అక్కర్లేదు. అప్పు పత్రం మీద సంతకం, వడ్డీకి హామీ ఉంటే చాలు. మా రాజ్యంలో జరిగింది అదే.

మా ఊళ్లో అప్పు లెక్క నూటికి రెండు రూపాయల మిత్తి అని చెప్తారు. నెలకు రెండంటే ఏడాదికి ఇరవై నాలుగు. రైతు ఇల్లు గుల్ల కావడానికి ఆ మాత్రం చాలు. 1810ల్లో హైదరాబాద్‌లో విలియం పామర్ పెట్టిన కొఠీ నిజాం సర్కారుకు అప్పులిచ్చింది దాదాపు ఈ మిత్తికే. ఆ అప్పు దేనికయ్యా అంటే, నిజాం పేర ఉన్న ఒక సైన్యానికి జీతాలివ్వడానికి. సైన్యం పేరు నిజాంది, అధికారులు ఇంగ్లీషువాళ్లు, జీతాల భారం రైతులది. గవర్నర్ జనరల్ హేస్టింగ్స్ సొంత బిడ్డలా చూసుకున్న అమ్మాయి మొగుడు రంబోల్డ్ ఆ కొఠీలో వాటాదారు. 1820లో బ్రిటిష్ రెసిడెంట్‌గా వచ్చిన మెట్‌కాఫ్ ఈ బాగోతాన్ని బయటపెట్టాడు. తీరా అప్పు ఎట్లా తీర్చారో చూడండి. ఉత్తర సర్కారులకు గాను ఈస్టిండియా కంపెనీ నిజాంకు ఏటా ఏడు లక్షల పేష్కష్ కట్టాలి. 1823లో ఆ బాకీని ఎప్పటికీ కట్టక్కర్లేకుండా చేసుకుని, బదులుగా ఒకేసారి ఇచ్చిన సొమ్ముతో పామర్ ఖాతా చెల్లు చేశారు. ఒక చేత్తో ఇచ్చింది ఇంకో చేతికే చేరింది. మధ్యలో శ్రీకాకుళం నుంచి గుంటూరు దాకా ఉన్న నేల మీద నిజాంకు మిగిలిన ఆఖరి రాబడి పోయింది.

సైన్యం మాత్రం అట్లాగే ఉంది, జీతాల బాకీ మళ్లీ పేరుకుంది. 1853లో గవర్నర్ జనరల్ డల్హౌసీ ఆ బాకీ కింద బీరార్‌ను తీసుకున్నాడు. మ్యాపులో చూస్తే బీరార్ మనకు దూరమేమీ కాదు. ఆదిలాబాద్ దాటి పెన్‌గంగ అవతలికి పోతే యవత్మాల్, ఆ నేల బీరారే. నల్లరేగడి, పత్తి పండే నేల. డల్హౌసీ అడిగిన ప్రాంతాల్లో పత్తి నేల ఉండటం కాకతాళీయం అనుకునేంత అమాయకత్వం నాకు లేదు.

షెఫీల్డ్ నుంచి మాంచెస్టర్‌కు రైలు గుట్టల మధ్య నుంచి పోతుంది, గంటలోపు ప్రయాణం. మాంచెస్టర్ నడిబొడ్డున అబ్రహాం లింకన్ విగ్రహం ఉంది. అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది రేవుల నుంచి పత్తి ఆగిపోయి, లాంకషైర్ మిల్లులు మూతపడి, కార్మికులు పస్తులున్నారు. అయినా చాలామంది బానిసత్వానికి వ్యతిరేకంగానే నిలబడ్డారని 1863లో లింకన్ వాళ్లకు కృతజ్ఞతలు చెబుతూ ఉత్తరం రాశాడు. గొప్ప సంగతే, ఆ విగ్రహానికి నేనూ నమస్కారం పెట్టాను. మిల్లు యజమానుల కన్ను మాత్రం అప్పటికే ఇంకోచోట ఉంది. అమెరికా మీదే ఆధారపడితే ఏనాటికైనా ముప్పేనని 1857లోనే మాంచెస్టర్‌లో పత్తి సరఫరా సంఘం పెట్టుకున్నారు. యుద్ధంతో బీరార్ పత్తి ధర ఆకాశాన్నంటింది. 1867కల్లా బీరార్ మీదుగా నాగపూర్‌కు రైలు వచ్చింది. 1870లో వైస్రాయ్ మేయో స్వయంగా ఖాంగావ్‌కు వెళ్లి అక్కడి పత్తి మార్కెట్టుకు ప్రారంభోత్సవం చేశాడు. ఒక చిన్న ఊరి అంగడికి వైస్రాయ్ రావడమేమిటని నవ్వొస్తుంది గానీ, దాని వెనక ఉన్న ఆత్రం అర్థమవుతుంది. జొన్న చేలు పత్తి చేలయ్యాయి. 1899-1900 కరువులో బీరార్ జనం కుప్పలుగా చనిపోయారు. పత్తి మూటలు మోసిన రైలు ధాన్యాన్నీ మోసుకురాగలదు. కానీ కొనేందుకు చేతిలో డబ్బు లేనివాడి కోసం ఏ రైలూ ఆగదు.

1902లో వైస్రాయ్ కర్జన్ వచ్చి బీరార్‌ను ఏటా 25 లక్షలకు శాశ్వత కౌలుగా నిజాం మహబూబ్ అలీఖాన్ చేత రాయించుకున్నాడు. అదే ఏడు లండన్‌లో జె. ఎ. హాబ్సన్ సామ్రాజ్యవాదం మీద పుస్తకం వేశాడు. మాంచెస్టర్ గార్డియన్‌కు దక్షిణాఫ్రికా నుంచి రాసిన విలేకరి ఆయన. స్వదేశంలో కూలీలకు సరిగ్గా ఇవ్వక పోగేసుకున్న డబ్బు, అక్కడ లాభసాటి చోటు దొరక్క బయటి దేశాలు వెతుక్కుంటుంది, దాని వెంట జెండా వస్తుంది అన్నది ఆయన వాదం. అన్నిచోట్లా అది సరిపోదని తర్వాతి చరిత్రకారులు కొట్టిపారేశారు. హైదరాబాద్ రాజ్యం లెక్కలు చూసినవాళ్లు మాత్రం ఆయన్ను అంత తొందరగా కొట్టిపారేయలేరు.

ఇక ఉక్కు సంగతి. షెఫీల్డ్‌లో ఉంటూ ఉక్కు గురించి వినకుండా బతకలేం. కెల్హామ్ ఐలాండ్ మ్యూజియం బయట బెస్సెమర్ కన్వర్టర్ ఒకటి నిలబెట్టి ఉంటుంది, బానకడుపుతో, పైన నోరు తెరుచుకుని. ప్రపంచంలో మిగిలినవి మూడే, అందులో ఇదొకటి. బెస్సెమర్ పద్ధతికి వందేళ్లకు ముందే, 1740ల్లో, బెంజమిన్ హంట్స్‌మన్ అనే గడియారాల పనివాడు మట్టి మూసల్లో ఉక్కును కరిగించే పద్ధతి కనిపెట్టాడని ఈ ఊరివాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. వినయంగా ఒక మాట చేర్చాలనిపిస్తుంది. మెట్‌పల్లికి అవతల, నిజామాబాద్ జిల్లా కమ్మర్‌పల్లి మండలంలో కోనసముద్రం అనే ఊరుంది. అక్కడి కమ్మరులు హంట్స్‌మన్ పుట్టకముందు నుంచే మూసల్లో ఉక్కు చేస్తున్నారు.

దీనికి సాక్ష్యం మన గొప్పలు కావు. లాంబ్టన్ సర్వే బృందంలో డాక్టరుగా, భూగర్భ శాస్త్రవేత్తగా తిరిగిన హెన్రీ వాయ్‌సీ కోనసముద్రం వచ్చి కొలిమి పక్కన కూర్చుని చూసి రాసిపెట్టాడు. 1824లో చనిపోయాడు, ఆ రాత 1832లో కలకత్తాలో అచ్చయింది. రెండు రకాల ఇనుము తెచ్చి, పాళ్లు చూసి కలిపి, మట్టి మూసల్లో పెట్టి మూతలు మెత్తి, రాత్రీపగలూ తిత్తులు ఊది, ఆరాక మూస పగలగొడితే గుండ్రటి ఉక్కు ముద్ద. అక్కడ ఆయనకు ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వ్యాపారి కనిపించాడు! పర్షియా నుంచి ఇంత దూరం ఉక్కు కొనడానికి వచ్చి కాపలా కాస్తున్నాడు. డమాస్కస్ కత్తి అని ప్రపంచమంతా పేరుమోసిన కత్తికి కావాల్సిన ముద్దలు దక్కన్ పల్లెల కొలిముల్లోంచి పోయేవి.

ఆ ఉక్కు ఇంగ్లండ్‌నూ ఊరించింది. 1794లో బొంబాయి డాక్టరు హెలెనస్ స్కాట్ మన దేశపు ఉక్కు ముద్దలను లండన్‌లో జోసెఫ్ బ్యాంక్స్‌కు పంపాడు. మరుసటేడు జార్జ్ పియర్సన్ వాటి మీద రాయల్ సొసైటీకి పత్రం రాశాడు. తర్వాత మైకేల్ ఫారడే రంగంలోకి దిగాడు. విద్యుత్తు కంటే ముందు ఆయన తలమునకలైంది ఈ ఉక్కులోనే. కమ్మరి కొడుకాయన, అందుకేనేమో. లండన్‌లో కత్తులు చేసే జేమ్స్ స్టోడార్ట్‌తో కలిసి ఆ ఉక్కు గుట్టు విప్పాలని చూశాడు. అల్యూమినియం వల్ల ఆ గుణం వచ్చిందనుకుని దారితప్పాడు గానీ, ఆ వెతుకులాటలోనే రకరకాల లోహాలు కలిపి మిశ్రమ ఉక్కులు చేసి చూశాడు. కొన్నింటిని పెద్ద ఎత్తున కరిగించింది ఎక్కడో కాదు, షెఫీల్డ్‌లోనే.

ఇదంతా చెప్తే మా పంజాబీ మిత్రుడు వెంటనే "దొంగిలించారన్నమాట" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. హంట్స్‌మన్ తన దారిలో తాను కనిపెట్టుకున్నాడు. ఫారడే పోల్చుకోలేకపోయాడు. బెస్సెమర్ 1856లో తెచ్చిన పద్ధతికి కోనసముద్రంతో సంబంధమే లేదు. ఢాకా నేతగాళ్ల బొటనవేళ్లు నరికారన్న కథ మనందరికీ తెలుసు. మా కమ్మరుల వేళ్లు ఎవరూ నరకలేదు. జరిగింది అంతకంటే నిశ్శబ్దమైనది. దేశీ సంస్థానాల సైన్యాలు రద్దయ్యాక కత్తికి గిరాకీ పడిపోయింది. టన్నుల లెక్కన ఉక్కు పోసే కన్వర్టర్ ముందు మూసకు ఒక ముద్ద చేసే మనిషి ధరలో నిలవలేడు. బొగ్గు కాల్చుకోవడానికి కట్టె తెచ్చుకునే అడవిని ఇంగ్లీషు పద్ధతి అటవీశాఖ మెల్లగా మూసేసింది. అదే అడవి హక్కు కోసం 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీము చనిపోయాడు. ఏ ఆంక్షా లేకుండానే ఒక విద్య పోయింది. ఆదుకోగల సర్కారు సొమ్ము వేరేవాళ్ల వడ్డీకి తాకట్టులో ఉంది. ఎక్సెటర్ యూనివర్సిటీ, బెంగళూరు నియాస్ పరిశోధకులు 2010లో ఉత్తర తెలంగాణ పల్లెలు తిరిగి ఇనుప చిట్టెం దిబ్బలు నమోదు చేసుకుపోయారు. ఆ నల్లరాళ్ల మీదే మా ఈడు పిల్లలు దూకి ఆడుకున్నారు.

వడ్డీ తాకట్టు ఏమిటో చెప్పాలి. వాడీ నుంచి సికింద్రాబాద్‌కు 1874లో రైలు వచ్చింది, నిజాం డబ్బుతో, బ్రిటిష్ ఇండియా సర్కారు ఒత్తిడితో. 1883లో దాన్ని పొడిగించడానికి లండన్‌లో కంపెనీ పెట్టారు. పేరులోనే గుట్టంతా ఉంది, నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. పెట్టుబడి మీద ఇరవై ఏళ్లు ఏటా అయిదు శాతం నిజాం ఖజానా హామీ. రైలు నిండా నడిచినా, ఖాళీగా నడిచినా లండన్ వాటాదారుకు అయిదు శాతం ముడుతుంది. నష్టం వస్తే పూడ్చేది ఎవరు? ఎల్గందుల జిల్లా రైతు కట్టిన శిస్తు. అప్పట్లో మా జిల్లా పేరు అదే. ఆ రైలు మా తాలూకాకు రానేలేదు, హుస్నాబాద్‌లో ఇప్పటికీ రైలు కూత వినపడదు.

చాందా రైల్వే పథకం అని అప్పుడు ఈ రైలు పొడిగింపుకు పేరు. లెక్కలు బయటపెట్టండి, జనానికి చెప్పండి అని హైదరాబాద్‌లో కొందరు అడిగారు. వాళ్లలో సరోజినీ నాయుడు తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయ ఒకరు. 1883లో ఆయన్ను రాజ్యం నుంచి వెళ్లగొట్టారు. మన రాజ్యంలో సామ్రాజ్య పెట్టుబడిని ప్రశ్నించినందుకు పడిన తొలి శిక్షల్లో ఇదొకటి. వేసింది నిజాం సర్కారే. నా దృష్టిలో కథ మొత్తానికి ఇదే కీలకం. లండన్ వాటాదారుకు మా దిక్కు పోలీసును పెట్టే ఖర్చు లేదు.

బొగ్గు కథ ఇంకా రసవత్తరం. 1871లో విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు చూశాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ ఇంగ్లండ్‌లో రిజిస్టరై గనుల హక్కులు పొందింది. హక్కులు సంపాదించిన దళారులు వాటాల్లో సింహభాగం డబ్బు పెట్టకుండానే తమ పేర రాసుకుని, వాటి ధర పెంచారు. అట్లా పెంచిన ధరకు నిజాం సర్కారు చేతే కొన్ని కొనిపించారు. మన భూమిలోని బొగ్గుకు కాగితాలు సృష్టించి, ఆ కాగితాలను మనకే అమ్మారు. నిజాం కొలువులోని పెద్ద అధికారి అబ్దుల్ హక్ పేరు బయటికొచ్చి, 1888లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ విచారణ చేసింది. ఆ కంపెనీ ఆస్తులే 1920లో సింగరేణి కాలరీస్‌కు చేరాయి. 1945లో నిజాం సర్కారు పెద్ద వాటా కొనుక్కుంది. రైల్వేను అంతకుముందే, 1930లో కొనుక్కుంది. ఒకసారి హామీ కట్టి, మళ్లీ ధర కట్టి.

మా మేనమామకు ఇవన్నీ ఫోన్లో విడతలుగా చెప్పాను. సాలె కుటుంబం మాది. మిల్లు నూలు, మిల్లు గుడ్డ వచ్చాక మగ్గం గిట్టక మా ముత్తాత తరంవాళ్లు కొందరు షోలాపూర్ మిల్లులకు వలసపోయారు, వాళ్ల మనవలు మరాఠీ మాట్లాడతారు. తర్వాతి తరం బీవండి, ఆ తర్వాత దుబాయ్. నేను ఇక్కడికి. అంతా విని ఆయన అడిగింది ఒకటే. "మరి టాటా కంపెనోడు ఆ ఇంగ్లండోళ్ల ఉక్కు ఫ్యాక్టరీలు కొన్నడంట గదా. లెక్క సాపయినట్టేనా?"

2007లో టాటా స్టీల్ కోరస్‌ను కొన్నప్పుడు షెఫీల్డ్ పక్కనున్న స్టాక్స్‌బ్రిడ్జ్, రోథర్‌హామ్ కొలుములూ దాంతో వచ్చాయి. ఇక్కడివాళ్లూ ఇదే మాట నవ్వుతూ అంటుంటారు, ఇప్పుడు మీ వంతు అని. "కాలే మామా" అన్నాను. "టాటాకు నష్టమొస్తే పూడుస్తానని షెఫీల్డ్ మునిసిపాలిటీ పన్నుల మీద ఎవలూ రాసియ్యలే. పదేళ్లకు గిట్టక 2017ల ఇంకోలకు అమ్ముకుని పోయిండు."

"అయితే అది బేరం" అన్నాడాయన. "మనది బేరం గాదన్నట్టు."

"మనది జమానతు మామా. సంతకం నిజాంది, కట్టింది మనం."