నమ్మించే ఏడు ఎత్తులు

హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ గారు అడిగినప్పుడు, పీజీలో నేను చదివినవాటిలో మన తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు అక్కరకొచ్చేది ఏదా అని ఆలోచించాను. ఇది తోచింది.

1937లో న్యూయార్క్‌లో ప్రచారాన్ని విశ్లేషించే సంస్థ ఒకటి ఏర్పడింది. జనాన్ని నమ్మించడానికి వాడే ఎత్తులు ముఖ్యంగా ఏడని అది చెప్పింది. క్లాసులో ఆ పాఠం వింటుంటే, ఇంటర్ అయిన వేసవిలో మా ఇంటికొచ్చిన ఒక ప్రైవేటు కాలేజీ పీఆర్వో నా కళ్ళ ముందు మెదిలాడు.

ఆయన మా నులకమంచం మీదే కూర్చుని, "నేనూ కూలోళ్ళ బిడ్డనే" అన్నాడు. ఇది 'మీలో ఒకణ్ణి' అనే ఎత్తు. "బంగారు భవిష్యత్తు" అన్నాడు. అది మెరుపు మాట. ప్రభుత్వ కాలేజీని "గొడ్ల చావిడి" అన్నాడు. అది చెడ్డపేరు తగిలించడం. ఉద్యోగం వచ్చిందంటూ ఒకబ్బాయి ఫొటో చూపడం సాక్ష్యం. "మీ హాస్టలోళ్ళంతా చేరిపోయారు" అనడం మంద వెంట నడిపించడం. కరపత్రం మీద బాబాసాహెబ్ అంబేద్కర్ బొమ్మ వేశారు. ఆయన మీద మనకున్న గౌరవాన్ని తమ వైపు మళ్ళించుకోవడం అది. ఏడోది, ఫీజు ప్రభుత్వమే కడుతుందని చెప్పి, బస్సు ఫీజు, పరీక్ష ఫీజు సంగతి దాచడం. ఇన్నీ చెప్పి, "ఒరిజినల్స్ ఇప్పుడే ఇస్తే సీటు ఖాయం" అన్నాడు.

మా నాన్నకు చదువు రాదు. "వార్డెన్ సారును అడిగి చెప్తాం బాబూ" అన్నాడు. నేను ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో చేరాను. నా రూమ్మేట్ ఆ కాలేజీలో చేరాడు. ల్యాబ్ లేదని మానేద్దామనుకుంటే, మూడేళ్ళ ఫీజు కడితేనే సర్టిఫికెట్లు ఇస్తామన్నారు. అతని చదువు అక్కడే ఆగింది. ఇప్పుడు సెంట్రింగ్ పనికి పోతున్నాడు. క్లాసులో నాకంటే తెలివైనవాడు.

ఎత్తు వాడినంత మాత్రాన చెప్పేది అబద్ధం కానక్కర్లేదు. పోలియో చుక్కలు వేయించమని అమితాబ్ బచ్చన్ చెప్పడమూ 'సాక్ష్యమే'. కానీ ఆ మాట వెనుక నిజం ఉంది. 2014లో మన దేశం పోలియో రహితమైంది. కాబట్టి చెప్పేవారి ముఖాన్ని, బొమ్మల్ని పక్కనపెట్టి మిగిలిన మాటను పరీక్షించండి.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఈ వేసవిలో మీ గుమ్మం దగ్గరికీ ఎవరో ఒకరు వస్తారు. మంచినీళ్ళివ్వండి, మర్యాదగా వినండి. అన్ని ఖర్చులూ కాగితం మీద రాసిమ్మనండి. అక్కడ చదివే సీనియర్‌తో మాట్లాడండి. కాలేజీ కళ్ళారా చూడండి. అప్పటిదాకా ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి చేతికీ ఇవ్వకండి. మన అమ్మానాన్నల కష్టమంతా ఆ కాగితాల్లోనే ఉంది.