చీకట్లో వెలిగే అక్షరాలు

గాజులకు లాడ్‌బజార్, ముత్యాలకు పత్తర్‌గట్టీ, పెళ్లిపత్రికకు ఛత్తాబజార్... హైదరాబాద్ పాతబస్తీలో ఎవరినడిగినా చెప్పే లెక్క ఇది. మొదటి రెండూ పర్యాటకులకు తెలుసు. మూడోది మాత్రం ఇంట్లో పెళ్లి కుదిరినవాళ్లకే తెలుస్తుంది!

నయాపూల్ దాటి దారుల్‌షిఫా, పురానీ హవేలీ వైపు వెళ్లే వీధుల్లో ఉంటుంది ఛత్తాబజార్. ‘ఛత్తా’ అంటే కప్పున్న దారి. ఇరుకు సందులు, వాటికి రెండువైపులా అగ్గిపెట్టెల్లాంటి దుకాణాలు. గోడల నిండా మెరుపుల కార్డులు, లోపల ప్రెస్సు చప్పుడు, సిరా వాసన. ఉర్దూలో, ఇంగ్లీషులో, తెలుగులో... ఏ భాషలో కావాలంటే ఆ భాషలో శుభలేఖ సిద్ధమవుతుంది.

రంజాన్ నెలలో చార్మినార్ చుట్టుపక్కల బజార్లకు రాత్రీ పగలూ తేడా ఉండదు. పండగ వెళ్లగానే పెళ్లిళ్లు మొదలు. మొహర్రం వస్తే మళ్లీ ముహూర్తాలు ఆగిపోతాయి. అందుకే ఆ మధ్యకాలంలో ఇక్కడ పని అర్ధరాత్రి దాకా సాగుతుంది. కిటికీ లేని గది, ఒక చిన్న బల్ల, దానిమీద కంప్యూటరు. కరెంటు పోతే యూపీఎస్ పుణ్యమా అని తెర మాత్రం వెలుగుతుంది. కానీ కీబోర్డు? అది చీకట్లో ఉండిపోతుంది. 2012 వేసవిలో హైదరాబాద్‌ను వేధించిన కోతలు గుర్తున్నవాళ్లకు ఆ తిప్పలు వేరే చెప్పక్కర్లేదు.

కింది నుంచి వెలుగు

ఈ తిప్పలకు మందుగా వచ్చిందే వెలిగే కీబోర్డు. మీటల కింద సన్నని ఎల్‌ఈడీ బల్బులుంటాయి. మీట పైభాగమంతా వెలుగు చొరని రంగు, అక్షరం ఉన్నచోట మాత్రం లేజర్‌తో ఆ రంగు తీసేస్తారు. అందులోంచి వెలుగు బయటికొచ్చి అక్షరం మెరుస్తుంది. 2003లో యాపిల్ తన 17 అంగుళాల పవర్‌బుక్‌లో ఈ ఏర్పాటు చేసింది. చుట్టూ చీకటిపడితే దానంతటదే వెలిగేది! ఆ తర్వాత ఈ సౌకర్యం మామూలు కీబోర్డులకూ వచ్చింది. పక్కనుండే అంకెల మీటలు తీసేసిన పొట్టి రకాలూ దొరుకుతాయి. జానెడు బల్ల మీద కార్డుల నమూనాలు, టీ కప్పు, కీబోర్డు అన్నీ ఇమడాలంటే అవే గతి.

వెలుగు ఎక్కువైనా ఇబ్బందే. మన కళ్లు చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి ఇరవై నిమిషాల నుంచి అరగంట పడుతుంది. మీటలు మరీ ధగధగలాడితే ఆ అలవాటు చెదిరిపోతుంది. అందుకే వెలుగును తగ్గించుకునే వీలున్నది ఎంచుకోవాలి.

ఇంతా చేస్తే, ఛత్తాబజార్‌కు వచ్చేసరికి ఒక చిక్కుంది. ఆ కీబోర్డు మీద వెలిగేవి ఇంగ్లీషు అక్షరాలు. టైపు చేయాల్సింది ఉర్దూ! ఉర్దూ అక్షరాల స్టిక్కర్లు అంటిద్దామంటే అవి వెలుగును అడ్డుకుంటాయి. అంటే దీపం ఉన్నా ఉర్దూ మాత్రం చీకట్లోనే.

వేళ్లకు తెలిసిన లిపి

మరి ఎలా? చాలామంది వాడేది ధ్వనిని బట్టి అమర్చిన పద్ధతి. ‘ఎస్’ మీట నొక్కితే ‘సీన్’ అనే అక్షరం పడుతుంది. షిఫ్ట్ పట్టుకుని నొక్కితే ‘స్వాద్’. రెండూ పలకడానికి ‘స’లాగే ఉంటాయి. కానీ సలీమ్ రాయాలంటే సీన్ కావాలి, సాదిక్‌కు స్వాద్, సమీనాకు ‘సే’ అనే మూడో అక్షరం! ఏ పేరుకు ఏ ‘స’ అన్నది ఏ దీపమూ చెప్పదు. చదువుకున్న మనిషే చెప్పాలి.

చుక్కల సంగతి ఇంకా సున్నితం. అక్షరం పైనున్న చుక్క కిందికి జారిందంటే ‘ఖుదా’ కాస్తా ‘జుదా’ అయిపోతుంది. ఖుదా అంటే దేవుడు, జుదా అంటే వేరైపోవడం. పెళ్లిపత్రికలో అలాంటి తప్పు దొర్లితే? వందల కార్డులు వృథా, పైగా పెళ్లివారింట అపశకునం. అందుకే ఎంత తొందరున్నా ఇంటిపెద్దలు నమూనా చూసి సరేనన్నాకే అచ్చు వేయించుకోవడం క్షేమం.

తెలుగు టైపు చేసేవాళ్లకూ ఇది కొత్తకాదు. మన డీటీపీ సెంటర్లలోనూ మీటల మీద ఉండేవి ఇంగ్లీషు అక్షరాలే, వేళ్లు రాసేది తెలుగు. తడిమి చూస్తే ‘ఎఫ్’, ‘జె’ మీటల మీద చిన్న గీతలు తగులుతాయి. చూపుడువేళ్లు వాటిమీద ఆనాయంటే మిగతా అక్షరాలన్నీ వాటంతటవే దారికొస్తాయి.

కలం నుంచి మీట దాకా

కంప్యూటర్లు రాకముందు ఈ పనంతా కాతిబులది. కాతిబ్ అంటే రాయసకాడు. రెల్లుకలం కొనను ఏటవాలుగా కోసి, సిరాలో ముంచి, ఆ కలం వేసే చుక్కనే కొలతగా పెట్టుకుని అక్షరం పొడవు వెడల్పులు తేల్చేవారు. ఉర్దూకు వాడే నస్తాలిఖ్ లిపి కుడి నుంచి ఎడమకు, పైనుంచి కిందికి వాలుతూ నడుస్తుంది. పక్కన ఏ అక్షరముందో దాన్నిబట్టి రూపం మార్చుకుంటుంది. సీసపు అచ్చులకు అది లొంగలేదు. అందుకే ఉర్దూ పత్రికలు దశాబ్దాల తరబడి చేతిరాతతోనే వచ్చాయి. చెన్నైలో 1927లో మొదలైన ‘ముసల్మాన్’ అందుకు పేరుపొందింది.

మలుపు 1981లో వచ్చింది. పాకిస్థాన్‌కు చెందిన మీర్జా అహ్మద్ జమీల్ దాదాపు 20 వేల అక్షరాల జోడింపులను చేత్తో రాసి, వాటితో ‘నూరీ నస్తాలిఖ్’ తయారుచేశారు. ఆ ఏడాదే లాహోర్ ‘జంగ్’ పత్రిక దాంతో అచ్చయింది. 1994లో ఢిల్లీ సంస్థ కాన్సెప్ట్ సాఫ్ట్‌వేర్ ‘ఇన్‌పేజ్’ను విడుదల చేసింది. దాంతో ఉర్దూ రాత మామూలు కంప్యూటర్లోకి దిగింది, కాతిబుల చేతిలో పని తగ్గింది. చిత్రమేమిటంటే, ఆ మీట నొక్కితే తెరమీద పడే ఒంపు కూడా ఒక కాతిబ్ చేతిరాతే!

ఛత్తాబజార్ దాకా వెళ్తే పత్తర్‌గట్టీలోని బాద్‌షాహీ ఆషూర్‌ఖానా కూడా చూసి రావచ్చు. మహమ్మద్ కులీ కుతుబ్‌షా 1594లో కట్టించడం మొదలుపెట్టిన ఆ కట్టడం లోపలి గోడల మీద రంగురంగుల పలకల్లో అక్షరాలే అలంకారం. మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ మెట్రోలో దిగి ఆటో ఎక్కితే రెండూ దగ్గరే. పిల్లల్నీ తీసుకెళ్లండి. వెలిగే కీబోర్డు ఏ దుకాణంలోనైనా దొరుకుతుంది. ఏ పేరుకు ఏ ‘స’ రాయాలో తెలిసిన వేళ్లు మాత్రం తయారవడానికి ఏళ్లు పడుతుంది. అమ్మభాషలో నాలుగు వాక్యాలు తప్పుల్లేకుండా రాయడం ఇంట్లోనే నేర్పితే, మీటల మీద దీపం లేకపోయినా ఆ భాష వెలుగుతూనే ఉంటుంది.