మోకాళ్ళ మీద ఇచ్చిన నోటుపుస్తకం

మా చెల్లెలి కూతురికి టాంజానియాలో ఒక క్రైస్తవ పాఠశాలలో లెక్కల టీచరుగా ఉద్యోగం వచ్చింది. మొదటి ఉద్యోగం. పెట్టె సర్దుతున్న రోజున నేను బరంపురంలో వాళ్ళింట్లోనే ఉన్నాను. మా చెల్లెలు పిల్లకి ఎన్నో జాగ్రత్తలు చెప్పి, చివరకు గొంతు తగ్గించి, "ప్రార్థనలో నిలబడమంటే నిలబడు. మోకరిల్లకు" అంది. నేను ఉలిక్కిపడ్డాను. 1993 జనవరిలో మా నాన్నగారు నాతో అన్న మాటలివే.

ఇన్నేళ్ళుగా బ్యాంకులో ఉన్న నన్ను చూసి ఎవరూ అనుకోరు గాని, నేను మొదట చేసింది జాంబియా దేశంలో పంతులు ఉద్యోగం. బి.కాం., బి.ఎడ్. చేసి ఖాళీగా ఉన్న రోజులు. ఉత్తర ప్రాంతంలో ఒక మిషన్ వారి హాస్టలు బడిలో అకౌంట్స్ చెప్పడానికి కాంట్రాక్టు దొరికింది. అంతకు ముందు 1991 డిసెంబరులో ఆ దేశాధ్యక్షుడు ఫ్రెడరిక్ చిలుబా జాంబియాను క్రైస్తవ దేశంగా ప్రకటించారు. ఆ వార్త నాన్నగారికి ఎవరు చేరవేశారో ఏమో, నేను విమానం ఎక్కేదాకా ఆయనకు నిద్ర లేదు.

మొదటి రోజు ఉదయం అసెంబ్లీ. హార్మోనియం లేదు, తబలా లేదు. పిల్లలు గొంతులు పంచుకుని బెంబా భాషలో పాడుతుంటే హాలంతా మోగింది. నేను మాత్రం మోకాళ్ళు బిగబట్టి నిలుచున్నాను. నిజానికి నన్ను ఎవరూ ఏమీ చెయ్యమనలేదు. అందరూ నిలబడే ఉన్నారు!

తరువాత పదో తరగతి. పాఠం పెట్టీ క్యాష్. పుస్తకంలో బస్సు ఛార్జీ యాభై ఎన్‌గ్వేలని ఉంది. వంద ఎన్‌గ్వేలు ఒక క్వాచా. పిల్లలు పకపకా నవ్వారు. ఆ ఏడాది అక్కడ ధరలు రెట్టింపుకు మించి పెరిగాయి. ఎన్‌గ్వేలకు ఏ వస్తువూ రాదు. బోర్డు మీద అంకెలు మార్చి లెక్క చెప్పాను. మూడు నెలలకు ఆ అంకెలూ పాతబడ్డాయి. ద్రవ్యోల్బణం గురించి నేను కాలేజీలో నేర్చుకున్నది చాలా తక్కువని అక్కడే తెలిసింది.

లెక్క పూర్తిచేసిన ఒక అమ్మాయి నా దగ్గరకు వచ్చి, రెండు మోకాళ్ళూ నేలకు ఆనించి నోటుపుస్తకం అందించింది. నాన్నగారి మాట చెవిలో ఉంది కదా, నాకేదో అపచారం జరుగుతున్నట్టు అనిపించింది. "లే! నేను దేవుణ్ణి కాను" అని గట్టిగా అరిచాను. క్లాసు మూగబోయింది. ఆ పిల్ల పుస్తకం బల్ల మీద పెట్టి, తల దించుకుని వెళ్ళిపోయింది. మర్నాడు క్లాసుకు రాలేదు.

స్టాఫ్‌రూములో ఒక పెద్దావిడ విని, "మీ ఊళ్ళో పెద్దలకు ఏదైనా ఎలా ఇస్తారు?" అని అడిగింది. "కుడిచేత్తో ఇస్తాం, పండగకు కాళ్ళకు దణ్ణం పెడతాం" అన్నాను. "మాదీ అంతే. దానికీ ప్రార్థనకీ సంబంధం లేదు" అంది. అప్పుడే ఇంకో మాట కూడా నేర్పింది: ముక్వాయి. మన "అండీ" లాంటిదన్నమాట. మూడో రోజు క్లాసులో అందరి ముందూ ఆ పిల్లతో, "నాది తప్పు, ముక్వాయి" అన్నాను. విద్యార్థినిని ఎవరూ అలా పిలవరట. మళ్ళీ నవ్వారు. ఈసారి ఆ అమ్మాయి కూడా నవ్వింది.

టర్ము చివర వాళ్ళ అమ్మమ్మ వేరుశనగకాయలు బేసిన్‌లో పెట్టి తెచ్చింది. మా అమ్మకంటె పెద్దది. ఆవిడ మోకాళ్ళు వంచబోతుంటే ఏం చెయ్యాలో తోచక, నేనూ ఆ మట్టిలో మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులతో అందుకున్నాను.

ఆ వారం ఏరోగ్రామ్‌లో నాన్నగారికి వేరుశనగకాయల సంగతి రాశాను. మోకాళ్ళ సంగతి రాయలేదు. ఇంటికి తిరిగి వచ్చాక చెబుదామనుకున్నాను, చెప్పలేదు. ఇప్పుడాయన లేరు.

"మావయ్యా, నువ్వేమీ చెప్పవేం?" అని అడిగింది మేనకోడలు. వాళ్ళమ్మ వంటింట్లోకి వెళ్ళేదాకా ఆగి, ఈ కథంతా చెప్పాను. కుక్కరుకు గాస్కెట్లు రెండు అదనంగా పెట్టుకోమని కూడా చెప్పాను. నాది రెండో నెలలోనే పోయింది.